కుచ్చుల బొంత కత్తిరించే చేతికి బొటనవేలి పోటు: రాజాం దగ్గరి ఒక కేసు

ఆమెకు 44 ఏళ్లు, కుడిచేతివాటం. ఊరు రాజాం దగ్గరి పల్లె. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు ఆ పక్కంతా శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పొదుపు సంఘంలో ఆరుగురు కలిసి బొంతలు కుట్టి అమ్ముతారు. మూడు నెలలుగా ఆమె కుడిచేతి బొటనవేలు మొదట్లో, మణికట్టు ఎముక మీద పోటు. గిన్నె ఎత్తితే పోటు, తాళం తిప్పితే పోటు, తడిగుడ్డ పిండితే ప్రాణం పోయినంత పని. ఆమె చెప్పిన వాటిలో మాకు దారి చూపిన మాట ఇది: "కత్తెర మూసినప్పుడు నెప్పి లేదమ్మా, తెరిసినప్పుడే పోటొచ్చేస్తాది."

ఇక్కడి పాత బొంతకు కత్తెరతో పెద్ద పని లేదు. నాలుగైదు పాత చీరలు పొరలుగా పరిచి, పొడవునా దూరపు కుట్టు వేసుకుంటూ పోవడమే. అది సూది పని. ఇప్పుడు ఆర్డర్లు వస్తున్నది వేరే రకానికి. కొనేవాళ్లు దాన్ని రాగ్ క్విల్ట్ అంటారు, సంఘంలో కుచ్చుల బొంత అంటారు. చదరపు ముక్కల్ని వెనుక వైపులు కలిపి కుడతారు. దాంతో కుట్టు అంచులు లోపలికి పోకుండా పైకి లేచి నిలబడతాయి. ఆ అంచుల్ని దగ్గర దగ్గరగా కత్తిరించి రెండు మూడుసార్లు ఉతికితే పీచు లేచి కుచ్చులా తేలుతుంది. బొంత అందమంతా ఆ కుచ్చులోనే ఉంది, చేతి కష్టమూ అక్కడే ఉంది.

ఆరుగురిలో ఈమెది నిలకడైన చెయ్యి. కుట్టు తెగకుండా అంచు వరకు కత్తెర పోనివ్వగలదు. అందుకని మిగతా ఐదుగురూ కుట్టి, "కత్తెర నీదే అప్పా" అని బొంత ఆమె ముందు పెట్టేవారు. ఆరుగురి పని ఒక్క బొటనవేలి మీద పడింది. ఈ కేసులో మొదటి కారణం ఇదే. జబ్బు పేరు తెలియక ముందే ఇది తేలింది.

ఒక్క బొంతకు ఎన్ని కోతలు

వాళ్లు ఎక్కువగా కుట్టేది 48 అంగుళాలు × 60 అంగుళాల బొంత. 7 అంగుళాల చదరాలు అడ్డంగా 8, నిలువుగా 10, మొత్తం 80. నాలుగు వైపులా అర అంగుళం కుట్టుకు పోతే ఒక్కో చదరం 6 అంగుళాలు మిగులుతుంది. నిలువు కుట్లు 7, ఒక్కోటి 60 అంగుళాలు: 420. అడ్డ కుట్లు 9, ఒక్కోటి 48 అంగుళాలు: 432. లోపలి కుట్టు మొత్తం 852 అంగుళాలు, చుట్టూ అంచు మరో 216.

ఆమె పావు అంగుళానికి ఒక కోత పెట్టేది, కుట్టుకు రెండు వైపులా ఉన్న అంచుల్ని కలిపి పట్టుకుని. అంటే లోపల 3,408 కోతలు, చుట్టూ 864, మొత్తం 4,272. వారానికి నాలుగు బొంతలైతే 17,088 సార్లు కత్తెర తెరిచి మూయడం.

పొరల లెక్క ఇంకా కష్టంగా ఉంది. పైగుడ్డ, కిందిగుడ్డ కాక మధ్యలో పాత చీర ముక్కను కూడా 7 అంగుళాలకే కత్తిరించి పెట్టేవారు. దాంతో ఒక్కో అంచులో మూడు పొరలు. రెండంచులు కలిపి కోస్తే ఆరు. ఒక బొంతలో తెగిన పొరలన్నీ కూడితే (లోపల 3,408 × 6, చుట్టూ 864 × 3) 23,040 అవుతాయి. ఈ అంకె వేసి చూపించేదాకా సంఘంలో ఎవరూ కత్తిరింపును పనిగా లెక్కపెట్టలేదు. కుట్టుకూలి పంచుకునేటప్పుడు కూడా దానికి వాటా లేదు.

పరీక్షలో కనిపించినవి

బొటనవేలిని అరచేతిలో పెట్టి పిడికిలి మూయించి, మణికట్టును చిటికెనవేలి వైపు నెమ్మదిగా వంచితే నొప్పి సరిగ్గా ఆమె చూపించిన చోటే లేచింది. దీన్ని చాలామంది ఫింకెల్‌స్టైన్ పరీక్ష అంటారు. అసలు ఫింకెల్‌స్టైన్ 1930లో చెప్పిన పద్ధతిలో పరీక్షించేవారే బొటనవేలిని పట్టుకుని లాగుతారు. పిడికిలి మూయించేది ఐకాఫ్ పద్ధతి, అందులో ఆరోగ్యంగా ఉన్న చేతికి కూడా కొంత నొప్పి పుడుతుంది. అందుకే రెండో చేతిని కూడా పరీక్షించి పోల్చాం. ఎడమ చేతిలో లాగినట్టు ఉంది కానీ పోటు లేదు. ఎముక మీద వేలితో నొక్కితే కుడివైపు వాపు తెలిసింది.

వేరే జబ్బులు కావని తేల్చుకోవాలి. రాత్రి వేళ్లు తిమ్మిరెక్కి నిద్ర లేపడం లేదు, మణికట్టు వంచి నిమిషం ఉంచినా తిమ్మిరి రాలేదు, కాబట్టి కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోయే జబ్బు) కాదు. బొటనవేలి అడుగు కీలును నొక్కి తిప్పితే నొప్పి లేదు, కాబట్టి ఆ కీలు అరుగుదలా కాదు. వేలు మడిచి తెరిస్తే టక్కుమని ఇరుక్కోవడం లేదు. ఒక్క చిన్న విషయం: బొటనవేలి లోపలి పక్క కత్తెర కడియం (వేలు దూర్చే రింగు) ఒరుసుకునే చోట కాయ కాసి, దాని చుట్టూ చర్మం మొద్దుబారి ఉంది. అది అక్కడి నరం మీద కడియం ఒత్తిడి. అసలు జబ్బు కాదు గానీ, కత్తెర చేతికి ఇరుకని చెబుతోంది.

జబ్బు డిక్వర్వేన్. స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్జ్ డి క్వర్వేన్ 1895లో రాసిన జబ్బు. బొటనవేలిని బయటికి తెరిచే రెండు స్నాయువులు మణికట్టు పక్క ఎముక మీద ఒక ఇరుకైన గొట్టం లాంటి తొడుగులోంచి వెళ్తాయి. అవి పదేపదే జారి రాపిడి పడితే తొడుగు మందమవుతుంది, స్నాయువు అందులో ఒరుసుకుంటుంది. మణికట్టు చిటికెనవేలి వైపు వంగి ఉంటే ఆ రాపిడి మరింత. నేల మీద బాసింపట్టు వేసుకుని, ఒళ్లో బొంత పెట్టుకుని కత్తిరిస్తే మణికట్టు వంగేది ఆ వైపే.

తెరవడమే అసలు శ్రమ

కత్తెర మూసే కండలు బలమైనవి, పిడికిలి కండలు. తెరిచేవి సన్నవి. పెద్ద కుట్టు కత్తెరను తెరిచేటప్పుడు ఇనుప పిడి బరువంతా బొటనవేలి వీపు మీద పడుతుంది. 17 వేల సార్లు మూయడం పిడికిలి ఓర్చుకుంటుంది, 17 వేల సార్లు తెరవడం ఆ రెండు సన్న స్నాయువులు ఓర్చుకోవు. మెత్తటి బంతి కొని రోజూ నొక్కుతోందామె, ఎవరో చెప్పారట. అది మూసే కండలకు వ్యాయామం. ఈ నొప్పికి అది పనికిరాదు సరికదా, వాపున్నప్పుడు చేటు. మొదటి రోజే ఆపించాం.

ఇంకో తప్పు కత్తెర పొడవులో ఉంది. ఆమెది 10 అంగుళాల కత్తెర. ఇరుసు నుంచి మొనకు 4 అంగుళాలు. అర అంగుళం అంచు కోయాలంటే కుట్టు తెగకుండా మొనతోనే కోయాలి. గుడ్డను ఇరుసు దగ్గరికి తోసే వీలు లేదు. ఇరుసుకు 4 అంగుళాల దూరంలో కోయడానికి, 1 అంగుళం దూరంలో కోయడానికి కావాల్సిన బలంలో నాలుగింతల తేడా. ఏతం పని చూసినవాళ్లకు ఇది కొత్త లెక్క కాదు. పెద్ద కత్తెర బలం ఇరుసు దగ్గర ఉంటే, ఈ పని దాని మొనను అడుగుతోంది. అందుకే కుచ్చు కోతకు పొట్టి పలకలు, పొడుగు పిడి ఉన్న కత్తెరే కావాలి.

కత్తెర ఎంపిక, ముందు చేసిన తప్పులు

మొదట ఆమెకు చవకగా దొరికే దారం కట్టర్, యూ ఆకారంలో వంగిన స్ప్రింగు రేకుది, ఇచ్చి చూశాం. దానంతట అదే తెరుచుకుంటుంది కదా అని. నాలుగు పొరలకు పలకలు పక్కకు విడిపోయి గుడ్డను మడిచేశాయి, బొటనవేలి మెత్తటి భాగం కమిలింది. రెండో ప్రయత్నం మొక్కలు కత్తిరించే స్ప్రింగు కత్తెర. దాని పలక మందం, గుడ్డ తెగే బదులు నలిగింది. స్ప్రింగు మరీ గట్టిది, తెరిచే శ్రమ పోయి మూసే శ్రమ రెట్టింపైంది.

మూడోది పనిచేసింది: గుడ్డలకు వాడే స్ప్రింగు కత్తెర, పలక అంగుళంన్నర, రెండు పిడులు, కడియం లేదు. ఒక పలక అంచుకు సన్నని పళ్లున్నాయి, గుడ్డ జారదు. కడియం లేకపోవడం పెద్ద మేలు. బొటనవేలు లోపలికి దూరనక్కర లేదు, అరచేతితోనూ నాలుగు వేళ్లతోనూ మూయొచ్చు. స్ప్రింగు మెత్తదో కాదో కొనేముందే తెలుస్తుంది: బొటనవేలు, చూపుడువేలు కొసలతో సగం మూయగలిగితే సరైనది. రెండు వేళ్లతో కదలకపోతే ఆ కత్తెర వదిలేయాలి.

ఇక పదును. పెద్ద కత్తెరను వీధి సానవాడికి ఇచ్చినప్పుడు లోపలి చదును వైపు కూడా రాయికి పట్టించారు. కత్తి అయితే రెండు వైపులా పడుతుంది, కత్తెరకు ఏటవాలు వైపే పట్టాలి. లోపలి వైపు అరిగితే రెండు పలకలు ఒకదాన్నొకటి తాకవు, గుడ్డ మధ్యలో ఇరుక్కుంటుంది, వేలితో అడ్డంగా నొక్కి కోయాల్సి వస్తుంది. ఆమె చెయ్యి అలా పక్కకు నెట్టడం అలవాటు చేసుకుంది. స్క్రూ బిగువు కూడా చూడాలి: కత్తెరను తెరిచి ఒక పిడి పట్టుకుని రెండోది వదిలేస్తే, కొంతదూరం దిగి ఆగాలి. టప్పున మూసుకుంటే వదులు, కదలకపోతే బిగువు. ఇరుసులో వారానికో చుక్క కుట్టుమిషన్ నూనె వేసి, పాతగుడ్డ రెండు మూడుసార్లు కోసి నూనె పోగొట్టాలి. లేకపోతే బొంత మీద మరక.

జరీ అంచు ఎప్పుడూ కుచ్చులోకి పోనివ్వకూడదు. లోహపు పోగు పలకకు గాటు పెడుతుంది, ఆ గాటు తర్వాతి ప్రతి కోతలో చేతికి తగులుతుంది. పాత చీరలు రాగానే జరీ, పమిట అంచు కత్తిరించి పక్కన పెట్టడం సంఘానికి ఇప్పుడు అలవాటైంది.

గుడ్డలో మార్పు

ఇది కత్తెర కన్నా ఎక్కువ కలిసొచ్చింది. లోపలి గుడ్డను 5½ అంగుళాలకు తగ్గించాం. చదరం మధ్యలో పెట్టి మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా కుట్టు వేస్తే జరగదు. కుట్టు అంచులోకి అది రాదు. ఒక్కో అంచులో మూడు పొరల బదులు రెండే. కుచ్చు కొంచెం పలచబడుతుంది, అది నిజం. కొన్నవాళ్లు అడిగితే చెప్పాల్సిందే. అయినా నేత చీర గుడ్డకు రెండు పొరలు బాగానే విచ్చుకుంటాయి.

కోతల ఎడం పావు నుంచి అర అంగుళానికి పెంచడానికి ఆమె మొదట అయిష్టంగానే ఒప్పుకుంది. ఒక పండగ ఆర్డర్‌కి కొనేవాళ్లు దగ్గర దగ్గరగా కావాలన్నారని మూడో వారంలో మళ్లీ పావు అంగుళానికి వెళ్లింది, పోటు తిరగబెట్టింది. అప్పుడు రెండు చిన్న ముక్కలు కుట్టించి ఒకటి పావుకి, ఒకటి అరకి కత్తిరించి మూడుసార్లు ఉతికి ఆరేశాం. నేత చీర ముక్కలో తేడా దాదాపు కనిపించలేదు, కొనేవాళ్లే అర అంగుళం చాలన్నారు. ఫ్లానెల్ (మెత్తటి నూగు గుడ్డ) ముక్కలో మాత్రం అర అంగుళం కోతలు పీచు కట్టక పట్టీలు వేలాడినట్టున్నాయి. దానికి పావుకీ అరకీ మధ్య ఎడం, అంటే అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, సరిపోయింది.

అర అంగుళానికి నేత చీర బొంతలో రెండంచులూ కలిపి కోస్తే 1,704, చుట్టూ 432, మొత్తం 2,136 కోతలు. లోపల నాలుగు పొరలు, చుట్టూ రెండు. తెగే పొరలు 7,680, మునుపటిలో సరిగ్గా మూడో వంతు. ఫ్లానెల్ అయితే నాలుగు పొరలు కలిపి కోయవద్దన్నాం. కోతలు ఎక్కువైనా ఒక్కో అంచు విడిగా కోయాలి.

పాలిస్టర్ కలిసిన గుడ్డ పీచు కట్టదు. అది తెలియక, ఇంకా దగ్గరగా కోస్తే విచ్చుకుంటుందని చేతిని హింసించుకుంటారు. అనుమానం ఉంటే ఒక పోగు లాగి వెలిగిస్తే తేలిపోతుంది: నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి గట్టి ఉండ కడుతుంది. పొందూరు ఖాదీ లాంటి చేతివడుకు గుడ్డ దర్జీల దగ్గర ముక్కలుగా దొరికితే వదులుకోకూడదు, ఒక్క ఉతుకుకే పీచు లేస్తుంది.

గంజి గురించి: చదరాలు కోసేటప్పుడు పలచని గంజి పెట్టి ఇస్త్రీ చేసిన గుడ్డ జరగదు, మంచిదే. కుచ్చు కోసేటప్పుడు అదే గంజి పొరల్ని అట్టలా చేస్తుంది. కాబట్టి కుట్టడం అయ్యాక ఒకసారి నీళ్లలో ముంచి ఆరేసి, ఆ తర్వాతే కత్తెర పెట్టాలి.

చదరాలు కోయడం, కూర్చోవడం

పైగుడ్డకు 80, కిందిగుడ్డకు 80, మొత్తం 160 చదరాలు కత్తెరతో కోయడం ఆపించి రోటరీ కట్టర్ (గుండ్రటి బ్లేడు దొర్లించి కోసేది), దాని కింద పరిచే మ్యాట్, స్కేలు పెట్టించాం. 44 అంగుళాల పన్నా గుడ్డలో 7 అంగుళాల పట్టీకి ఆరు చదరాలొస్తాయి, 27 పట్టీలు చాలు. నాలుగు పట్టీలు ఒకదానిమీదొకటి పేర్చి కోస్తారు. నేల మీద కూర్చుని దీన్ని వాడితే మాత్రం మణికట్టుతో నెట్టాల్సి వస్తుంది, జబ్బు మారదు. నిలబడి, మోచేయి పక్కన ఉంచి, భుజం బరువుతో నెట్టాలి. ఆమె నిలబడితే మోచేయి 38 అంగుళాల ఎత్తు. పాత తలుపు చెక్కను ఇటుకల మీద 35 అంగుళాల ఎత్తుకు నిలిపారు. బ్లేడు ఎక్కడైనా పోగులు వదిలేస్తుంటే మార్చాలి. మొద్దు బ్లేడుకు చెయ్యి మరింత నొక్కుతుంది, స్కేలు పట్టిన ఎడమ బొటనవేలు కూడా నొస్తుంది. ప్రతి కోత తర్వాత బ్లేడు మూత వేయడం పిల్లలున్న ఇంట్లో తప్పనిసరి.

కుచ్చు కోసేటప్పుడు కూడా బొంత ఒళ్లో కాదు, అదే చెక్క మీద. కోయని సగం చుట్టి కుర్చీలో పెడితే బరువు కిందికి లాగదు. అరకేజీ ఇసుక మూటలు రెండు అంచుకు అటూ ఇటూ పెడితే ఎడమచేతి బొటనవేలు గిల్లి పట్టాల్సిన పని తగ్గుతుంది. కోత కుట్టుకు అంగుళంలో ఎనిమిదో వంతు దూరంలో ఆగాలి. కుట్టు తెగితే ఉతుకులో చిల్లు పెద్దదవుతుంది. అక్కడే ఆగి, తెగిన చోటుకు అటూ ఇటూ అంగుళం వరకు లోపలికి మరో వరుస కుట్టేయాలి.

ఇరవై నిమిషాలు కోసి, పది నిమిషాలు వేరే పని. ఒక బొంతను ఇప్పుడు ముగ్గురు పంచుకుంటారు. మిగతా ఇద్దరి కోత మొదట వంకరగా వచ్చింది, వాళ్లకు చుట్టూ అంచు అప్పగించారు, అక్కడ కుట్టు తెగినా సరిచేయడం తేలిక.

ఉతుకు, వైద్యం

అడగకపోతే బయటపడనిది ఒకటుంది. పీచు లేవడానికి ఆమె బొంతను బోరు దగ్గర మూడుసార్లు ఉతికి, ఇంకొకరితో కలిసి మెలితిప్పి పిండేది. తడిసిన నూలు బొంతను మెలితిప్పడం వాచిన స్నాయువుకు కత్తిరింపు కన్నా ఘోరం. పిండకుండా దండెం మీద మడత లేకుండా వేసి నీరు కారనివ్వమన్నాం. ఆరాక దులిపితే పీచు విడుతుంది. వానాకాలంలో ఆలస్యమవుతుంది, అప్పుడు స్పిన్ మిషన్ ఉన్న ఇంటికి పంపుతున్నారు.

బొటనవేలినీ మణికట్టునూ కలిపి పట్టే స్ప్లింట్ మొదటి మూడు వారాలు రాత్రీ, ఇంటిపనిలోనూ. ఉత్త మణికట్టు పట్టీ కొనుక్కుని వచ్చిందామె, అది బొటనవేలిని వదిలేస్తుంది కాబట్టి లాభం లేదు. నొప్పి తగ్గాక ఐదో వారం నుంచి వేళ్ల చుట్టూ మెత్తటి రబ్బరు బ్యాండు వేసి తెరిచే వ్యాయామం, రోజుకు రెండుసార్లు, పదేసి మాత్రమే. ముందుగా మొదలుపెడితే వాపు పెరుగుతుంది. ఆరు వారాల్లో తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గర ఇంజెక్షన్ అనుకున్నాం, ఆ అవసరం రాలేదు. నొప్పిమాత్ర వేసుకుని రాత్రంతా కోయడం మాత్రం చెయ్యొద్దని గట్టిగా చెప్పాం. నొప్పి తెలియకపోతే చెయ్యి ఆగదు.

పన్నెండో వారానికి గిన్నె ఎత్తడం, తాళం తిప్పడం మామూలైంది. పిడికిలి వంచే పరీక్షలో రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి. కాయ మెత్తబడింది.

మిగిలింది కూడళ్లు. ఈ బొంతలో నాలుగు చదరాలు కలిసే చోట్లు 63. నిలువు కుట్టు అంచుల్ని ఒకవైపు మడిస్తే అక్కడ ఒక్కో వరుసలో ఆరు పొరలు పడతాయి. రెండు వైపులా విప్పి పరిచి అడ్డ కుట్టు వేస్తే నాలుగే. విప్పి పరచడం కుట్టేవాళ్ల పని, తొందరలో మరిచిపోతారు, బరువు మళ్లీ కోసేవారి వేలి మీద పడుతుంది. ప్రస్తుతానికి కూడలికి అటూ ఇటూ అర అంగుళంలో ఒక్కొక్క అంచే విడిగా కోస్తున్నారు. మడిచి కుట్టిన కూడలి కనిపిస్తే, కోయకుండా కుట్టినవారికే తిరిగి ఇస్తున్నారు.